ఆట విడిచిన పిమ్మట



ఇటీవల చూచిన చలనచిత్రములను గురించియు, టీవీలో వచ్చు కథలను గురించియు నాలుగు మాటలు చెప్పవలసినదని ఆకాశవాణివారు కోరినప్పుడు నేను కొంత జంకితిని. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి, ఇప్పుడు డెబ్బదియెనిమిదవ యేట మడికొండలో అరుగుమీద కూర్చుండు నాకు ఈ విషయమున అధికారమేమున్నది? చిత్రము తీసినవాడను గాను, అందు వేషము కట్టినవాడను గాను. టిక్కెట్టు కొని చూచినవాడను; చూచినదానిని ఎవరితోనైనను చెప్పుకొనునంతవరకు నిద్ర పట్టనివాడను. ఈ రెండవ గుణమే నన్ను ఈ మైకు ముందర కూర్చుండబెట్టినదని నమ్ముచున్నాను. నా భాష కొంత పాతది. మా మనవరాలు దీనిని విని నవ్వును, మీరును నవ్వవచ్చును.

చూచిన ఆటమీద అభిప్రాయము చెప్పుట నాకు కాజీపేట నుండి మడికొండకు వచ్చు తోవలో అలవడినది. 1957లో వెలువడిన ‘మాయాబజారు’ మా ప్రాంతమునకు వచ్చినప్పుడు నాకు పదేండ్లు. మా ఊరిలో టాకీసు లేదు. రెండవ ఆట చూడవలెనన్న కాజీపేటకు నడచిపోవలెను. ఆట విడిచిన పిమ్మట ఆ చీకటిలో మరల గంటకు పైగా నడచి ఇల్లు చేరవలెను. మా బాపు, ఆయన స్నేహితులు ముగ్గురు, వారి వెనుక చేతిలో కందీలుతో మా పాలేరు, ఆ కందీలు వెలుతురు దాటిపోకుండ నేనును, మా అన్నయు. రైలుపట్టాలు దాటువరకు ఎవరును మాటలాడెడివారు కారు. తెరమీది వెలుతురు ఇంకను కన్నులలో ఉండెడిది. జంక్షనులో ఏదో ఇంజను ఊపిరి విడుచుచుండెడిది. పట్టాలు దాటి నాలుగడుగులు వేసిన తరువాత ఒకరెవరో నిట్టూర్చెడివారు. ఆ నిట్టూర్పుతో సభ ప్రారంభమయ్యెడిది.

ఆ రాత్రి మా బాపు మొట్టమొదట అన్నమాట నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ‘రంగారావు ఎంత తిన్నడే!’ అనెను. అందరును నవ్విరి. వివాహభోజనపు బుట్టలు వరుసగా ఖాళీయగుట, ఆ తినుటలోని రాజసము, పొట్టమీద చేయి వేసికొన్న తీరు, ఇవన్నియు ఒకరొకరుగా ఎత్తుకొని సగము దూరము నడచిరి. తీర్పు అయిపోయినదనియే నేననుకొంటిని: ఆ చిత్రమునకు రంగారావే రాజు. కాని మా ఊరి మెట్టుగుట్ట నల్లగా ఎదుటికి వచ్చి, గుట్టమీది రాతిస్తంభములు నక్షత్రములకు అడ్డముగా నిలిచినచోట మా బాపు ఆగి, చుట్ట వెలిగించుకొని, తన మాటను తానే కొట్టివేసెను. ‘కాదుర. సావిత్రి. రంగారావు రాక్షసుడయి రాక్షసుడు లెక్కనే చేసిండు. ఆ పిల్ల ఆడిపిల్లనాయె. లోపట రాక్షసుణ్ని పెట్టుకొని, మీదికి మళ్ల ఆడిపిల్ల లెక్క కనవడాలె. గదెంత కష్టమో సూడు!’

రాక్షసుడు దాల్చిన ఆ మాయాశశిరేఖ రూపును గురించి తరువాత నేను చదివిన వ్యాసములు తక్కువ కాదు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విశేషముండెను. కాని ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివి వ్యవసాయము చేసికొన్న ఆ మనిషి చుట్ట వెలుగులో అన్న మాటకు మించిన మాట నాకు దొరకలేదు. అయినను నేనిచ్చట చెప్పదలచినది మా బాపు గొప్పతనము కాదు. ఆయన ఆ మాటను టాకీసు గుమ్మములో చెప్పలేకపోయెను. గుమ్మములో అడిగియుండిన రంగారావనియే చెప్పి ఊరకుండెడివాడు. గంటసేపు నడచి, పక్కవాడు అన్నదానిని విని, దానిని కాదని, మరల తనను తానే కాదనిన తరువాతగాని సావిత్రి ఆయనకు కనబడలేదు. అభిప్రాయమును మనము టాకీసులోనుండి కొంగున కట్టుకొని తెచ్చుకొందుమను భ్రమ ఒకటి లోకములో కలదు. అది చెప్పుకొనుటలో పుట్టును; వినువాడు దానికి సగము తండ్రి.

అదే చిత్రములో ‘ప్రియదర్శిని’ అను పేటిక ఒకటి ఉన్నది. మూత తెరచి చూచిన ఎవరికి ఏది ప్రియమో అది వారికి కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. బలరామునకు దుర్యోధనుడు కనబడును. కృష్ణుడు చూచినంతనే శకుని కనబడును, అందరును తెల్లబోవుదురు. టీవీ పెట్టె మన ఇండ్లలోనికి రాకమునుపే పింగళి నాగేంద్రరావుగారు మాటలు వ్రాసి, కె.వి. రెడ్డిగారు తీసిన ఈ ఘట్టము నేటి ప్రతి ఇంటిలోను ప్రతి సాయంకాలమును నడచుచున్నదని నాకు తోచుచుండును. పెట్టె ఒకటే, చూచువారు నలుగురు, కనబడునది నాలుగు తీరులు. కావున ఒకడు తాను చూచినదానిని చెప్పుచున్నప్పుడు చిత్రము ఎట్టిదో మనకు సగమే తెలియును. తక్కిన సగములో, చెప్పువాని హృదయములో కూర్చున్నది అభిమన్యుడా, శకునియా అన్నది తెలియును. మన ఆలంకారికులు కావ్యమునకు కవితోపాటు సహృదయుడును ఉండవలెనని పట్టుబట్టినది ఊరకనే కాదు.

చిత్రమును చూడనివారికి సైతము దానిమీద అభిప్రాయముండెడి కాలమది. మా వాడకట్టులో ఒక అత్త ఉండెడిది, వరుసకు అత్త. ఆమె నాటు వేయుటకు వచ్చినదనిన తక్కిన కూలివారందరును సంతోషించెడివారు, ఏలయన ఆమె చూచివచ్చిన చిత్రమును మొదటి మడి నుండి చివరి మడి వరకు చెప్పెడిది. వంగిన నడుము ఎత్తక, చేతిలోని నారు కట్ట తరుగుచుండగా, రాజకుమారి ఏడ్చు చోట గొంతు తగ్గించి, కత్తియుద్ధము వచ్చినప్పుడు నాలుగు కర్రలు వడివడిగా గుచ్చెడిది. కథ ముగియకమునుపే మడి ముగిసిన, ఒడ్డుమీద కూర్చుండి ముగించిన తరువాతగాని సద్ది విప్పెడిది కాదు. ఆమె నోట విన్న ‘పాతాళ భైరవి’ని నేను తరువాత తెరమీద చూచితిని. నిజము చెప్పవలెనన్న, తెరమీది మాంత్రికుడు ఆమె మాంత్రికునికంటె కొంచెము మెత్తనివాడుగా కనబడెను.

ఈ చెప్పు విద్యను శాస్త్రస్థాయికి తీసికొనిపోయినవారు మన వరంగల్లులోనే పుట్టిరి. నేరెళ్ల వేణుమాధవ్ గారిని నేటి పిల్లలు మిమిక్రీ కళాకారుడని మాత్రమే ఎరుగుదురు. నటుల గొంతుకలను అనుకరించుట ఆయన విద్యలో చిన్న పాలు. ఆంగ్లచిత్రములలోని ఘట్టములకు ఘట్టములే, సంభాషణ, గుఱ్ఱపు డెక్కలు, తుపాకి మ్రోత, వెనుక వాద్యఘోషతోసహా, ఒక్క గొంతులో వినిపించెడివారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో సైతము ఆయన ప్రదర్శన జరిగినది. ఆంగ్లచిత్రము మొగము చూడని నావంటివారికి ‘టెన్ కమాండ్‌మెంట్స్’ అన్నది ఆయన గొంతులోనే మొదట తెలిసినది. ఆయన ఏ ఘట్టమును ఎంచుకొనెనో, దేనిని విడిచెనో, అదియే ఆయన అభిప్రాయము; వేరుగా విమర్శ చెప్పవలసిన పని ఆయనకు లేకపోయెను. 2018లో ఆయన గతించిరి.

ఇక టీవీ సంగతి. 1987వ సంవత్సరము జనవరి మాసమున ఆదివారములు పొద్దున రామానందసాగర్ ‘రామాయణము’ మొదలయినప్పుడు మా వాడకట్టునకంతటికిని ఒక్కటే పెట్టె. ఆ ఇంటి ముందర చెప్పుల గుట్ట, లోపల పీటమీద పెట్టె, పెట్టెకు పూలదండ. కొందరు కొబ్బరికాయ కొట్టిన తరువాతగాని మీట నొక్కనిచ్చెడివారు కారు. చిక్కేమనగా అది హిందీ. నైజాము రోజులలో ఉర్దూ మాధ్యమున చదివిన మా పెదబాపు ‘నేను చెప్త ఉండుండ్రి’ అని ముందర కూర్చుండెను. కాని ఆ రాముడు మాటలాడు హిందీలో క్రియాపదములు తప్ప తక్కినదంతయు సంస్కృతమే. పెదబాపుకు ‘వచ్చిండు, పోయిండు, అంటున్నడు’ అన్నంతవరకు అర్థమయ్యెడిది. ఎవడు వచ్చెనో, ఏమనెనో అర్థమయ్యెడిది కాదు. నాకు హిందీ రాదు; కాని ‘ప్రతిజ్ఞ’, ‘మర్యాద’, ‘వియోగము’, ‘వనవాసము’ చెవిన పడినంతనే తెలిసెడివి. ఆయన క్రియలను, నేను నామవాచకములను పట్టుకొని, ఇద్దరమును కలిసి ఒక్కొక్క వాక్యమును పూర్తి చేసి ఆ నలుబదిమందికి వినిపించెడివారము. ఏడాదిన్నర పాటు ఇట్లు సాగినది. ఇద్దరు కలిసి చూచుట యనగా ఏమో నాకు ఆ ఆదివారములలో తెలిసినంతగా మరెన్నడును తెలియలేదు. పెదబాపు మాత్రము చివరివరకును రాముని కంటె రావణునికే మార్కులెక్కువ వేసెను. ‘ఆయినె మాట సాఫుగ ఉన్నది’ అనెడివాడు.

తరువాతి ధారావాహికల విషయమున నేను తొందరగా సాగిపోవుదును. వానిని నేను చూచుటకంటె వినుట ఎక్కువ, వంటయింటి గోడ ఇవతలి నుండి. ‘కార్తీకదీపము’ 2017లో మొదలై 2023 జనవరి వరకు సాగినది. 1500 దాటిన భాగములలో కథానాయకుడైన వైద్యుడు తన భార్యను అనుమానించుచునే యుండెను. ఒక్క రక్తపరీక్షతో తేలిపోవు సంగతికి ఇన్నియేండ్లా యని నేను మా ఇంటిదానితో వాదించితిని. ఆమె బియ్యములో రాళ్లేరుచు తల యెత్తకయే, ‘అనుమానం పరీక్షలతోని పోతదా? నీకు తెల్వదు’ అనెను. నేను విమర్శించినది కథనమును. ఆమె సమర్థించినది మనుష్యస్వభావమును. కథనము విషయమున నా మాట తప్పని నేనిప్పటికిని అనుకొనుట లేదు, కాని నాటినుండి ఆ గోడ కివతల కొంత తక్కువగా మాటలాడుచున్నాను.

మా మనవరాలు వేరు కాలపు మనిషి. మడికొండలో కొన్నేండ్లక్రిందట వెలసిన ఐటీ ఆవరణలో ఆమె ఉద్యోగము. పగలంతయు కంప్యూటరు చూచి, ఇంటికి వచ్చి విశ్రాంతికై ఫోను చూచును. ఒక నాడు ఆమెతో క్రొత్త చిత్రమునకు పోవుదమంటిని. ‘బాగలేదట తాతా’ అనెను. ఎవరు చెప్పిరంటిని. ఫోను చూపెను. ఆ రోజు విడుదల. పొద్దున మొదటి ఆట ముగిసి గంట కాలేదు. అప్పటికే ఐదింటికి రెండుంబావు చుక్కలని తీర్పు వచ్చియున్నది. నేను ముప్పదియైదేండ్లు జవాబుపత్రములు దిద్దినవాడను. రెండుంబావు అన్న అంకెలోని ఆ పావు ఎక్కడనుండి వచ్చినదో ఎంత యోచించినను నాకు అంతుపట్టలేదు. నటనకు కోసిరా? పాటకు కలిపిరా? మేము పది మార్కుల ప్రశ్నకు ఆరు వేసిన, తక్కిన నాలుగు ఏల పోయినవో పక్కన ఎఱ్ఱసిరాతో వ్రాయవలసియుండెను. వ్రాయనిచో తనిఖీకి వచ్చిన అధికారి మాకు మార్కులు వేసెడివాడు.

అట్లని నేటివారికి అభిప్రాయములు లేవని నేననను. మా మనవరాలు నాకు ‘90’స్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ అను ఆరు భాగముల కథను, 2024 సంక్రాంతి దినములలో, తన ఫోనుమీద చూపించినది. వనపర్తిలో ఒక లెక్కల మాష్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. మాష్టారుగా శివాజి నటించెను. ఉపాహారమునకు మరల ఉప్మాయేనాయని పిల్లలు మొగము ముడుచుట చూచి ఆమె విరగబడి నవ్వుచుండగా నేను నవ్వలేకపోతిని. అది మా ఇల్లు. ఆ మాష్టారు పైసా పైసా లెక్కించినప్పుడెల్ల ఆమెకు హాస్యము కనబడెను, నాకు నెల చివరి వారము కనబడెను. చివరకు నేను, ‘ఉపాధ్యాయుని ఇంత పిసినారిగా చూపవలెనా?’ అంటిని. ఆమె నా వంక చూచి, ‘తాతా, గాయినె పిసినారి అని వాళ్లేడ చెప్పిన్రు? నువ్వే అంటున్నవ్’ అనెను. ప్రియదర్శిని మూత తెరచినది నేనే. లోపల కనబడినదియు నేనే. ఆ అమ్మాయి పట్టుకొన్నది. ఈ మాట ఏ చుక్కల పట్టికలోను రాదు. పక్కన కూర్చున్నది గనుక వచ్చినది.

భాష విషయమొకటి ఇచ్చట ఎత్తక తప్పదు, ఏలయన మడికొండవాడు చిత్రమును చూచిన, కథకంటె ముందు చెవి మేల్కొనును. పోతన చరిత్రమును మహాకావ్యముగా వ్రాసిన వానమామలై వరదాచార్యులవారు పుట్టిన ఊరిది. ‘గంగిరెద్దు’, ‘పాలవెల్లి’ కావ్యములు వ్రాసిన పల్లా దుర్గయ్యగారిదియు ఈ ఊరే. కాళోజీ నారాయణరావుగారు ఎక్కడనో రట్టిహళ్లిలో పుట్టినను పెరిగినది ఇక్కడ. మొదటి ఇద్దరు నావంటి పాతవారికి గ్రంథభాషమీద మమకారము కలిగించిరి. కాళోజీ, జనము నోటనున్న పలుకునకు పీట వేయవలెనని జీవితమంతయు పోట్లాడెను. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9నే నేడు తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపుచున్నాము. ఈ రెండు పక్షముల మధ్య ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి నిలుచున్నవాడను నేను. 2023లో ‘ప్రజాకవి కాళోజీ’ అను చిత్రము వచ్చినది. దానిమీద నా అభిప్రాయమడుగకుడు. హనుమకొండ బజారులో చంకకు సంచితో, ఎదురైనవారినెల్ల పలుకరించుచు నడచిన మనిషిని కన్నులార చూచినవానికి, ఆయన వేషము వేసిన నటుడెంత శ్రమించినను న్యాయము చేయుట సాధ్యము కాదు.

ఎన్నియో యేండ్లు మన చిత్రములలో మా మాట రౌడీ నోట వచ్చెడిది. లేదా జనము నవ్వవలసినచోట వచ్చెడిది. నాయకుడు ప్రేమించినను, ఏడ్చినను, తల్లిని పిలిచినను వేరొక యాసలోనే పిలుచును. మా అవ్వ బాపు మాటలాడు మాటలలో ఏడ్చుటకు వీలులేదని ఆ చిత్రములు మాకు నేర్పినట్లయినది. నడుమ రెండు మూడు దీపములు లేకపోలేదు. బి. నర్సింగరావుగారు పూనుకొనగా గౌతం ఘోష్ అను వంగదేశీయుడు తీసిన ‘మా భూమి’ 1980లో వచ్చినది. నర్సింగరావుగారే 1988లో ‘దాసి’ తీసిరి, అందు నటించిన అర్చనకు జాతీయ పురస్కారము వచ్చినది. ‘దాసి’ని నేను ఒక ఆదివారము మధ్యాహ్నము ఢిల్లీ దూరదర్శన్‌లో చూచితిని. ప్రాంతీయభాషాచిత్రములను వారు ఆ వేళ వేసెడివారు. ఇంటిల్లిపాదియు భోజనము చేసి పండుకొనిరి, నేనొక్కడనే చూచితిని. ఆట విడిచిన పిమ్మట మాటలాడుటకు ఎవరును లేరు. చూచి ముప్పది యేండ్లు దాటినను, అందలి దొరగారి గడీలోని నిశ్శబ్దము నాకు ఇప్పటికిని జీర్ణము కాలేదు. ఆ రోజున ఎవరితోనైనను చెప్పుకొనియుండిన అయ్యెడిదేమో.

ఇప్పుడు ‘బలగము’. 2023 మార్చి 3వ తేదీన వచ్చిన ఈ చిత్రమును తీసిన వేణు యెల్దండి అంతవరకు టీవీలో హాస్యపు తునుకలు ఆడినవాడు, సిరిసిల్ల వాడు. కథ రెండు మాటలలో చెప్పవచ్చును. ఊరంతటితో పరాచకములాడు కొమురయ్య అను ముసలివాడు మరణించును. పిండము పెట్టిన కాకి ముట్టదు. ముట్టకపోవుటకు ఇంటిలోని పాత పగలే కారణమని ఊరు చెవులు కొరుకుకొనును. అందరును ఏడ్చు ఆ చివరి ఘట్టమున కథ పాడినవారు మా వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్యలు. తరతరములుగా చావింటి ముందర పాడిన గొంతుకలకు తెర మీద ఒక చోటు దొరకినది. కథ విని ఏడ్చినవారిలో ఎక్కువమందికి అది నటనయను సంగతి గుర్తులేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించెను. ఈ చిత్రమునకు పల్లె ప్రొద్దు మీద పాట వ్రాసిన మా వాడే కాసర్ల శ్యామ్‌కు 2025లో ప్రకటించిన జాతీయ పురస్కారములలో ఉత్తమ గేయరచయిత గౌరవము దక్కినది.

చిత్రము వచ్చిన ఆ వేసవిలో తెలంగాణ పల్లెలలో ఒక వింత జరిగినది. మూడు వారములకే ఇండ్లలోని టీవీలకు వచ్చిన ఈ చిత్రమును జనము ఇంటిలో చూచి ఊరకుండక, పంచాయతీ ముందరనో, బడి ఆవరణలోనో తెర కట్టి, చాపలు పరచుకొని ఊరంతయు కలిసి చూచిరి. మొదట అభ్యంతరము చెప్పిన నిర్మాతలు పిమ్మట మెత్తబడిరి. పండితులు దీనికి చిత్రము గొప్పదనము కారణమనిరి. కాదనను; కాని నా ఊహ వేరు. ఆ చిత్రమును ఒంటరిగా చూచుట కష్టము. చూచిన పిమ్మట ఎవరో ఒకరిమీద తప్పు మోపవలెనని నాలుక దురద పెట్టును. దానికి పక్కన మనుష్యులు కావలెను.

మేము ఇంటిలోనే చూచితిమి. మా చెల్లెలు, ఆమె పెనిమిటి, అనగా మా బావ, మా వదిన, మనవరాలు, నేను. చిత్రములో తగవునకు మూలమేమో చూచినవారికి జ్ఞాపకముండును: ఇరువదియేండ్లక్రిందట ఒక విందులో ఇంటి అల్లుడు నారాయణకు నల్లి బొక్క వేయలేదు. అంతమాత్రమునకే ఆయన భార్యను పుట్టింటికి పోనీయక పంతము పట్టెను. చిత్రము ముగిసి పేర్లు పడుచుండగానే నేను, ‘ఒక్క ఎముక కొరకు ఇరువదియేండ్లా! ఇది కొంత అతిశయోక్తి’ అంటిని. పాఠము చెప్పినట్లే అంటిని.

మా బావ మంచముమీద సర్దుకొని కూర్చుండెను. ‘అతిశయోక్తి ఏంది? నారాయణది తప్పేం లేదు’ అనెను. వదిన ఒప్పుకొనలేదు. ‘ముక్క కోసం ఆడిపిల్లను పుట్టింటికి దూరం జేస్తడా? గదేం మొగతనం?’ అనెను. చెల్లెలు వారిద్దరి మాటకును అడ్డము వచ్చి, అసలు నేరము వడ్డించినవానిదనెను. బంతిలో అల్లుడెవడో, పెద్దవాడెవడో చూడకుండ గరిటె పట్టినవాడు అన్నిటికిని మూలమనెను. మనవరాలు, ఎవరిదో ఒకరిది తప్పు కావలసినదేనాయని అడిగినది. ఆ ప్రశ్నకు ఆ గదిలో బలము చాలలేదు. అప్పుడు మా బావ మెల్లగా, నా వంక చూడక, టీవీ వంక చూచుచు అన్నమాట ఇది: ‘ముక్క కోసం గాదు. ముక్క పడలేదని ఎవ్వలు సూడలేదు జూడు, గందుకు.’

చెల్లెలు తల వంచుకొనెను. నాకు ఒక నిమిషము పట్టినది. 1998లో మా పెద్దకూతురు పెండ్లినాడు, ఫోటోలు తీయువేళ, మా వైపువారందరిని పీటలవెనుక నిలువబెట్టితిమి. బావ పందిట్లో వంటల దగ్గర ఉండెను. పిలుచుట మరచితిమి. ఆల్బములో ఆయన లేడు. ఆల్బము మా ఇంటికి వచ్చినవారికెల్ల ఇన్నియేండ్లుగా చూపుచున్నాము. ఆయనకును చూపితిమి, ఒకసారి కాదు. ఆ మనిషి ప్రతిసారియు పుటలు త్రిప్పి, ‘మంచిగున్నయి’ అని ఇచ్చివేసెను.

ఆయన ఆ మాట ఆ రోజునను ఎత్తలేదు. నేనును ఎత్తలేదు. చిత్రములో నారాయణ వేషము వేసిన మురళీధర్ గౌడ్ నటనను గురించి కొంతసేపు మాటలాడుకొంటిమి. బావ మెచ్చుకొనెను, నేనును మెచ్చుకొంటిని. అతిశయోక్తి అన్నమాట వాపసు తీసికొంటినని మాత్రము పైకి చెప్పితిని. చిత్రము చివరిభాగము కొంత సాగినదనియు, కన్నీటిని కొంత పిండినారనియు నా అభిప్రాయము. అది ఇప్పటికిని మార్చుకొనలేదు.

మరుసటి ఆదివారము పొద్దున నేనే సంచి పట్టుకొని పోయి యాటకూర తెచ్చితిని. చెల్లెలిని, బావను పిలిచితిమి. వడ్డించినది నేను, గరిటె వేరొకరికి ఇయ్యలేదు. నల్లి బొక్క బావ కంచములో పడినది. ఆయన దానిని చూచెను, నన్ను చూచెను, ‘డాక్టరు బంద్ చెయ్యమన్నడు’ అని దానిని తీసి మా మనవరాలి కంచములో వేసెను. ఆ అమ్మాయి అందరిని దగ్గరకు జరుగుమని ఫోనుతో ఒక ఫోటో తీసినది. అందులో బావ నడుమ ఉన్నాడు.